మోర్గాన్ డాలరు కొనబోయే ముందు

చిరంజీవి నానికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు కొనాలనుకుంటున్న నాణెం ఫొటోలు అందాయి. అమెరికా వాళ్ల పాత నాణెం, 1893 మోర్గాన్ వెండి డాలరు, వెనకవైపు దండ కింద 'ఎస్' అక్షరం, అంటే శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలది. బాగా అరిగిపోయినదే వేల డాలర్లు పలికే నాణేన్ని ఆ అమ్మేవాడు నీకు అంత చౌకగా ఎందుకిస్తున్నట్టు? ఆ ఏడు అక్కడ వేసినవి లక్షే. అందుకే అక్షరం లేని ఫిలడెల్ఫియా నాణేనికి 'ఎస్' అతికించేవాళ్లు, 1898లోని చివరి ఎనిమిదిని చెక్కి మూడు చేసేవాళ్లు తయారయ్యారు. భూతద్దం పెట్టి, నాణెం మీది స్వేచ్ఛామాత బొమ్మ తల మీదున్న 'లిబర్టీ' అనే మాటలో 'టీ' పైభాగం చూడు. అసలు నాణెమైతే అక్కడ సన్నటి ఏటవాలు గీత ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. అది అచ్చులోనే ఉన్న లోపం. నీ ఫొటోల్లో అక్కడంతా మసగ్గా ఉంది.

ఇంకోటి, ఎన్ని అచ్చేశారన్న లెక్క ఒక్కటే చూసి మురిసిపోకు. నెవాడాలోని కార్సన్ సిటీలో 1885లో 2,28,000 వేశారు, 1889లో 3,50,000. మొదటిదే అరుదనుకుంటాం కదా? కానీ 1885వి దాదాపు 1,48,000 ప్రభుత్వ ఖజానాలో సంచుల్లో అలాగే ఉండిపోయి, 1972 నుంచి జరిగిన అమ్మకాల్లో జనం చేతికొచ్చాయి. ఆ నిల్వలో 1889ది ఒక్కటే దొరికింది! 1918 చట్టం కింద 27 కోట్ల వెండి డాలర్లు కరిగించారు. వాటిలో ఏ ఏడువి ఎన్ని పోయాయో ఎవరూ లెక్క రాయలేదు.

ఇక స్థితి. ఒకే దీపం కింద నాణేన్ని మెల్లగా తిప్పు. వాడని నాణెం మీద వెలుగు బండిచక్రం ఆకుల్లా తిరుగుతుంది. బొమ్మ చెవి పైన జుట్టు, వెనకవైపు గద్ద రొమ్ము ముందుగా అరుగుతాయి. న్యూ ఆర్లీన్స్ టంకశాల నాణేల్లో చాలావాటికి ఆ చోట్ల అచ్చే సరిగా పడలేదు. మెరుపు తెగకుండా ఉంటే అచ్చు లోపం, మాసిపోతే అరుగుదల. చెంప మీది గాట్లు సంచిలో వెయ్యేసి నాణేలు రాసుకున్నందువల్ల పడ్డవి. కొన్ని ఉన్నా కంగారుపడకు.

నా మొదటి కార్సన్ సిటీ డాలరు నల్లబడిందని చింతపండు వేసి చెంబు తోమినట్టు తోమాను. తళతళలాడింది. పట్టుకెళ్తే కొట్టాయన దీపం కింద ఒక్కసారి తిప్పి, వెండి ధర మాత్రమే చెప్పాడు. అప్పట్లో నాకు కోపం వచ్చింది కానీ, ఇప్పుడు ఆ సన్నటి గీతలు నా కంటికే కనిపిస్తున్నాయి.

ఇంత ఖరీదుది, నాణేలు అసలువో కావో చూసి స్థాయి నిర్ణయించే పీసీజీఎస్ వాళ్లో ఎన్‌జీసీ వాళ్లో సీలు చేసిన డబ్బాలో ఉంటేనే కొనుక్కో. డబ్బా మీది నంబరు వాళ్ల సైట్‌లో సరిచూడు, డబ్బాలకీ నకిలీలున్నాయి. విడిగా ఉన్నదైతే తూకం 26.73 గ్రాములకి దగ్గరగా రావాలి, అరుగుదలకి కాస్త తగ్గొచ్చు.

'టీ' ఫొటో మళ్లీ తీసి పంపేదాకా డబ్బు కట్టకు. ఇంట్లో వెండి తోమే పొడి ఉంటే దాచేయమని కోడలికి చెప్పు.

మీ పెదనాన్న