బొమ్మల బుట్టను కదపకండి

"పాపకు మూడేళ్ల నాలుగు నెలలు. చెప్పులు, క్రేయాన్లు ఎక్కడున్నాయంటే తెల్లమొహం వేస్తుంది. పుట్టింటి మతిమరుపే వచ్చిందంటారు మా అత్తగారు. జ్ఞాపకశక్తికి మంచి టానిక్ చెప్పండి" అని రాశారు తెనాలి నుంచి ఒక సోదరి.

టానిక్ అక్కర్లేదమ్మా, ఆ మాట వదిలేయండి. ఉత్తరం చివర్లో ఒక ముక్క రాసి దాటేశారు: "నేను సర్దినవి ఆవిడ మారుస్తారు, ఆవిడ మార్చినవి నేను మళ్లీ మారుస్తాను." తిప్పలన్నీ అక్కడున్నాయి. బుట్ట పొద్దున టీవీ స్టాండు కింద, సాయంత్రానికి అటక మీద. పాప టీవీ స్టాండు కిందికి వంగి చూసి, లేదని మీ మొహం చూస్తోందంటే తనకు నిన్నటి చోటు చక్కగా గుర్తున్నట్టే.

ఈ వయసులో వస్తువుకి చోటే ఆనవాలు. 1975లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త హెన్రీ వెల్‌మన్ బృందం మూడేళ్ల పిల్లల కళ్లముందే బొమ్మకుక్కను కప్పు కింద దాచి, గుర్తుపెట్టుకోమని చెప్పి బయటికెళ్లింది. పిల్లలు ఆ కప్పునే చూస్తూ, దాన్నే తాకుతూ ఉన్నారు.

మూడు వస్తువులతో మొదలుపెట్టండి: చెప్పులు, నీళ్ల సీసా, క్రేయాన్లు. ఫ్రిజ్, బీరువా, గుమ్మం లాంటి కదలని వాటి పక్కనే చోటివ్వండి. కుర్చీ పక్కన వద్దు, అది రోజూ జరుగుతుంది. ఒకేలాంటి డబ్బాలు వరసగా పెడితే ఏది దేనిదో తెలియదు. రంగులు మార్చి, ఆ వస్తువు బొమ్మ అతికించండి. మూతలొద్దు, పాప చెయ్యి అందాలి. మీరు పెట్టి చూపిస్తే సరిపోదు. తన చేత్తోనే పెట్టించి, "క్రేయాన్లు ఫ్రిజ్ పక్కన" అని తనచేతే అనిపించండి. పది నిమిషాలాగి తెమ్మనండి. వంటింట్లోంచి కేకేసి అడిగితే కంగారుపడుతుంది, ఆ గదిలోకే వెళ్లి అడగండి. ఏదైనా కనపడకపోతే చెయ్యి పట్టుకుని చివరగా ఆడిన చోటికి నడిపించండి. మూడు వారాలు ఏదీ జరపొద్దు. అప్పటికీ కళ్లముందు దాచినదాన్ని కూడా వెంటనే వెతుక్కోలేకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి.

ఇక అత్తగారు. ఆ మూడు చోట్లూ ఆవిడనే ఎంచమనండి. ఫ్రిజ్ పక్కనైనా బీరువా పక్కనైనా పాపకు ఒకటే, మారకుండా ఉంటే చాలు. సర్దుడు విషయంలో తగ్గితే మీకు పోయేదేమీ లేదు. పుట్టింటి మాట మాత్రం పడొద్దు. పాప వినేలా అన్న క్షణంలోనే, గొంతు పెంచకుండా, "అత్తయ్యా, దాని ముందు మా అమ్మావాళ్లను అనకండి" అని చెప్పండి. మీ ఆయనతో చెప్పించకండి, మీరే చెప్పండి.