ఆదివారం కేసుల ముచ్చట ఉద్యోగం దాకా వెళ్తుందా?

ప్రశ్న: ఖమ్మంలో ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతున్నాను. మేం నలుగురు స్నేహితురాళ్లం. ప్రతి ఆదివారం సాయంత్రం మా డాబా మీద కూర్చుని ఏదో ఒక కేసు గురించి మాట్లాడుకుంటాం. జోడియాక్ కిల్లర్, ఆరుషి కేసు, ఇంకా తేలని హత్యలు... గంటలు గడిచిపోతాయి. మిగతా ముగ్గురిలో ఒకరు బీటెక్ సీఎస్ఈ, ఒకరు బీకాం, ఒకరు లాసెట్‌కు చదువుతున్నారు. నాకు ఫోరెన్సిక్ సైన్స్ చేయాలని ఉంది. అమ్మ నీట్ రాయమంటోంది. నాన్నేమో ఈ హత్యల గోలతో చదువు పాడవుతోందని కోప్పడుతున్నారు. మేం నలుగురం కలిసి యూట్యూబ్ ఛానల్ పెడదామని కూడా అనుకుంటున్నాం. సలహా ఇవ్వండి.

జవాబు: ముందు ఒకటి గమనించుకోండి. మీ ముచ్చట్లలో ‘ఎవరు చేసుంటారు?’ అన్న మాట ఎక్కువ వస్తోందా, ‘ఆ సంగతి ఎలా తెలిసింది?’ అన్న మాట ఎక్కువ వస్తోందా? మొదటిదైతే అది కాలక్షేపం. తప్పేం లేదు, కానీ దాన్ని నమ్ముకుని కోర్సు ఎంచుకోకూడదు. రెండోదైతే నాన్నగారు కంగారు పడాల్సిన పని లేదు. ఫోరెన్సిక్ ల్యాబ్‌లో జీతమిచ్చి చేయించేది ఆ రెండో ప్రశ్ననే.

మీరే చెప్పిన జోడియాక్ సంగతి తీసుకోండి, అమెరికాలో హత్యలు చేస్తూ పత్రికలకు లేఖలు రాసిన, ఎవరో తేలని హంతకుడి కేసు. 1969 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్ పత్రికకు వచ్చిన 340 గుర్తుల రహస్య లేఖ 51 ఏళ్లు ఎవరికీ కొరుకుడు పడలేదు. 2020 డిసెంబరులో దాన్ని విప్పిన ముగ్గురూ పోలీసులు కారు. అమెరికాలో డేవిడ్ ఒరంచక్ వెబ్ ప్రోగ్రామర్, ఆస్ట్రేలియాలో శామ్ బ్లేక్ గణితవేత్త, బెల్జియంలో యార్ల్ వాన్ ఐకే ఇలాంటి లిపులను విప్పే సాఫ్ట్‌వేర్‌ను సొంతంగా రాసుకున్న మనిషి. హంతకుడి పేరు ఊహిస్తూ కూర్చోలేదు. గుర్తులను ఏ వరుసలో చదవాలన్నదానికి లక్షల రకాలు తయారు చేసి ఒక్కోదాన్నీ సాఫ్ట్‌వేర్‌లో వేసి చూశారు. చివరికి ఐమూలగా దూకుతూ చదివే వరుస ఒకటి పనిచేసింది. లేఖలో హంతకుడి పేరు లేదు, కేసు ఇప్పటికీ తేలలేదు. అయినా వాళ్లు చెప్పిన జవాబును ఎవరైనా తిరిగి చేసి సరిచూసుకోవచ్చు. ఈ పనిలో విలువంతా ఆ ‘తిరిగి చేసి చూసుకోవడం’లోనే ఉంది.

ఇక ఆరుషి కేసు. దీన్ని తల్లిదండ్రులు చేశారా లేదా అని వాదించుకుంటే తెల్లారుతుంది తప్ప తేలదు. నేర్చుకోవాల్సింది వేరే ఉంది. 2008 మే 16న నోయిడాలో అమ్మాయి హత్య బయటపడింది. కనిపించని పనిమనిషి మీద అనుమానం పెట్టుకున్నారు. డాబా తలుపుకు తాళం ఉందని ఆ రోజు తెరవలేదు. మర్నాడు తెరిస్తే అతని శవం అక్కడే ఉంది. ఈలోపు ఇంట్లో ఎంతమంది తిరిగారో లెక్క లేదు. అంతకంటే చిన్న విషయం ఇంకొకటి ఉంది, మన హైదరాబాద్‌తో ముడిపడింది. ఇక్కడి సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరీక్షల ల్యాబ్ 2008లో ఇచ్చిన నివేదికలో, మరో ఉద్యోగి గదిలో స్వాధీనం చేసుకున్న దిండు గలీబు మీద చనిపోయిన పనిమనిషి డీఎన్ఏ ఉన్నట్టు నమోదైంది. అదే నిజమైతే కేసు దారే మారిపోతుంది. 2011లో ల్యాబ్ వివరణ ఇచ్చింది: రెండు వస్తువుల వర్ణనలు టైపింగ్ పొరపాటున తారుమారయ్యాయని. 2013లో కింది కోర్టు తల్లిదండ్రులకు శిక్ష వేసింది, 2017 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఒక్క లేబుల్ మీద ఇన్నేళ్లు వాదన నడిచిందంటే, ఈ ఉద్యోగంలో అతి ముఖ్యమైన పనిముట్టు మైక్రోస్కోప్ కాదు, శ్రద్ధగా రాసే పెన్ను అని నా అభిప్రాయం. చేతిరాత, నోట్స్, తేదీలు వేయడం మీకు విసుగైతే ఈ రంగం వద్దు.

కాబట్టి ఆదివారం కూర్చోవడం మానక్కర్లేదు, పద్ధతి మార్చండి. తీర్పు వచ్చేసిన కేసునే ఎంచుకోండి. తీర్పు ప్రతిని ఈ-కోర్ట్స్ సైట్ నుంచో, హైకోర్టు సైట్ నుంచో దింపుకోండి. వీడియోలు చూసి రావద్దు. ఓ నోటు పుస్తకంలో మూడు గళ్లు గీయండి: సాక్షి చెప్పినది, వస్తువు చెప్పినది, మనం ఊహించినది. చర్చలో వచ్చే ప్రతి వాక్యమూ ఏ గడిలో పడుతుందో రాయండి. మొదటి వారం మూడో గడి నిండిపోతుంది, చూసి నవ్వుకుంటారు. లా చదవబోయే అమ్మాయి ప్రతిసారీ ముద్దాయి తరఫునే మాట్లాడాలి. మీరు ఒక్కో ఆధారం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎప్పుడు వెళ్లిందో గీత గీసి చూపించాలి. మధ్యలో ఒక చెయ్యి తప్పితే అక్కడే కేసు జారిపోతుంది.

ఒక ఆదివారం మాటలు పక్కన పెట్టి వేలిముద్ర తీయండి. బాగా తుడిచి ఆరబెట్టిన గాజు గ్లాసు, మెత్తటి మేకప్ బ్రష్, పారదర్శకమైన సెల్లోటేపు, తెల్ల కాగితం చాలు. పెన్సిల్ ములుకును గరుకు కాగితం మీద రుద్దితే పొడి వస్తుంది. వేలిని నుదుటికి ఒకసారి రాసి, గ్లాసు మీద ఒక సెకను ఒత్తి, జరపకుండా తీసేయండి. బ్రష్ కొసకు పొడి అంటించి, దులిపి, గాలి తగిలినంత తేలిగ్గా తిప్పండి. గీతలు కనబడగానే వాటి వాలుకే బ్రష్ నడపండి. టేపును ఒక చివర నుంచి నిదానంగా అతికించి, ఒకే ఊపులో లేపి కాగితం మీద వేయండి. పక్కనే తేదీ, సమయం, గ్లాసు మీద ఎక్కడ తీశారో రాసి పొట్టి సంతకం చేయండి. మొదటిసారి అందరూ పొడి ఎక్కువ వేస్తారు. గీతల మధ్య సందులు పూడిపోయి నల్లటి మచ్చ మిగులుతుంది. గ్లాసు చల్లగా ఉండి చెమ్మ పట్టినా అంతే. తర్వాత అదే పని మామూలు కాగితం మీద చేయండి. రాదు. చెమటను కాగితం పీల్చేసుకుంటుంది, పైన పొడి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అక్కడ నిన్‌హైడ్రిన్ అనే రసాయనం కావాలి, అది చెమటలోని అమైనో ఆమ్లాలతో కలిసి ఊదా రంగు తేలుస్తుంది. ఆ చర్య ఎందుకు జరుగుతుందో తెలుసుకోవాలన్న దురద పుడితే మీరు ఈ రంగానికి సరిపోతారు.

రోజువారీ పని ఎలా ఉంటుందో కూడా తెలియాలి. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని తెలంగాణ ఫోరెన్సిక్ సైన్స్ ల్యాబ్ (ఎఫ్ఎస్ఎల్)కు వచ్చేవి సీరియల్ కిల్లర్ కేసులు కావు. పురుగుమందు తాగి చనిపోయినవారి విస్రా (లోపలి అవయవాల నమూనాల) సీసాలు, అల్ప్రాజోలమో క్లోరల్ హైడ్రేటో కలిపిన కల్తీ కల్లు, పట్టుబడ్డ గంజాయి, ఫోర్జరీ సంతకాల దస్తావేజులు, రక్తపు మరకల బట్టలు, ఫోన్లు. ఒక్కోదానికీ ఓ నియమం ఉంటుంది. రక్తం తడిసిన చొక్కాను నీడలో ఆరబెట్టి కాగితపు కవర్లో పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో పెడితే చెమ్మకు బూజు పట్టి డీఎన్ఏ పాడవుతుంది. విషం అనుమానం ఉన్న విస్రాను సాధారణంగా సంతృప్త ఉప్పునీటిలో పంపుతారు. అలవాటు కొద్దీ ఫార్మలిన్‌లో వేస్తే విషం పట్టుకోవడం కష్టమైపోతుంది. మనవల్లే కలుషితమయ్యే ప్రమాదం వేరు. జర్మనీలో ‘హైల్‌బ్రాన్ ఫాంటమ్’ అని ఓ గుర్తు తెలియని మహిళ డీఎన్ఏ పదుల కొద్దీ నేరాల్లో దొరికితే ఏళ్లపాటు వెతికారు. 2009లో తేలింది: అది నమూనాలు తీసే దూది పుల్లలను తయారుచేసే చోట పనిచేసిన ఒకామె డీఎన్ఏ. పుల్లలు స్టెరైలే, కానీ స్టెరైల్ అంటే క్రిములు లేనిదని అర్థం, డీఎన్ఏ లేనిదని కాదు.

అవకాశాలు పెరుగుతున్నాయా అంటే, చట్టం వైపు నుంచి పెరుగుతున్నాయి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176(3) సెక్షన్ ప్రకారం ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి, దాన్ని వీడియో తీయాలి. దీన్ని ఏ తేదీ నుంచి అమలు చేయాలో నోటిఫై చేసుకోవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చారు. పేపర్లో ‘క్లూస్ టీం ఆధారాలు సేకరించింది’ అని చదువుతుంటారే, ఆ టీముల్లో మనుషుల అవసరం అలా పెరుగుతుంది. అయితే అవసరం వేరు, నోటిఫికేషన్ వేరు. ప్రభుత్వ పోస్టులు ఏటా పడవు.

ఇప్పుడు కోర్సు. ఇక్కడ నా మాట కొంచెం కటువుగా ఉంటుంది: ‘ఫోరెన్సిక్’ అన్న పేరు చూసి డిగ్రీలో చేరిపోవద్దు. ఎఫ్ఎస్ఎల్‌లో సైంటిఫిక్ అసిస్టెంట్ లాంటి పోస్టులకు పోలీసు నియామక మండలి నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు ఫిజికల్, కెమికల్, బయాలజీ-సెరాలజీ, కంప్యూటర్స్ అని విభాగాలవారీగా ఇస్తుంది, అర్హతలూ ఆ సబ్జెక్టుల చుట్టే ఉంటాయి. పాత నోటిఫికేషన్లు రెండు దింపుకుని విద్యార్హతల పేజీ ఒకటికి రెండుసార్లు చదవండి. బైపీసీ విద్యార్థినిగా మీకు నిలకడైన దారి, కెమిస్ట్రీ ఉన్న లైఫ్ సైన్సెస్ బీఎస్సీ చేసి, పీజీలో ఫోరెన్సిక్‌కు మళ్లడం. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు దోస్త్ ద్వారా. ఉస్మానియాలో ఎం.ఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్‌కు సీపీగెట్ రాయాలి. ఇంటర్ నుంచే నేరుగా వెళ్లాలంటే గాంధీనగర్ కేంద్రంగా ఉన్న నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో ఐదేళ్ల బీఎస్సీ-ఎంఎస్సీ ఉంది. ఎన్‌ఫ్యాట్ ప్రవేశ పరీక్ష ద్వారా సీట్లిస్తారు. అది జాతీయ ప్రాధాన్య సంస్థ కాబట్టి పేరుకు విలువుంది. ఫీజు మాత్రం ముందే చూసుకోండి.

ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ ఫోరెన్సిక్ చేరాలనుకుంటే బ్రోచర్ వద్దు, ల్యాబ్ చూపించమనండి. రెండు నమూనాలను పక్కపక్కన పెట్టి పోల్చే కంపారిజన్ మైక్రోస్కోప్ ఉందా, దాని మీద దుమ్ము పట్టి ఉందా? వారానికి ప్రాక్టికల్స్ ఎన్ని గంటలు? పాఠం చెప్పేవారిలో ల్యాబ్‌లో పనిచేసినవారు ఎందరు? కిందటేడు ఇంటర్న్‌షిప్‌లకు పిల్లలు ఎక్కడికి వెళ్లారు? చివరి ప్రశ్నకు ‘పంపిస్తామండీ’ అన్న జవాబు వస్తే, ఇంతవరకూ ఎవర్నీ పంపలేదనే అర్థం.

పీజీ అయ్యాక చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. హైదరాబాద్ రామంతాపూర్‌లోని సీఎఫ్ఎస్ఎల్ (సెంట్రల్ ఫోరెన్సిక్ సైన్స్ ల్యాబ్) లాంటి కేంద్ర ల్యాబుల్లో జూనియర్ సైంటిఫిక్ ఆఫీసర్ పోస్టులను యూపీఎస్సీ భర్తీ చేస్తుంది, సాధారణంగా ఎం.ఎస్సీతో పాటు పరిశోధన లేదా విశ్లేషణలో అనుభవం అడుగుతారు. పట్టా చేత్తో పట్టుకుని వెళ్తే సరిపోదు. ఆ ఖాళీ నింపుకోవడానికి మన దగ్గర ఒక సౌకర్యం ఉంది: హైదరాబాద్ చుట్టూ ఉన్న ఫార్మా కంపెనీల క్వాలిటీ కంట్రోల్ ల్యాబులు. అక్కడ మీరు నడిపే, మిశ్రమంలోని పదార్థాలను విడదీసి పట్టుకునే హెచ్‌పీఎల్‌సీ, జీసీ-ఎంఎస్ యంత్రాలే విష పరీక్షలకూ వాడతారు. ఆ అనుభవాన్ని లెక్కలోకి తీసుకుంటారా లేదా అన్నది మాత్రం ఆ నోటిఫికేషన్ పదాలను బట్టి ఉంటుంది. అధ్యాపక వృత్తి కావాలంటే యూజీసీ నెట్‌లో ఫోరెన్సిక్ సైన్స్ సబ్జెక్టుగా ఉంది.

మీ స్నేహితురాళ్లకూ ఈ డాబాలో వాటా ఉంది. సీఎస్ఈ అమ్మాయి పాత పెన్‌డ్రైవ్‌ను ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసి, పది ఫొటోలు వేసి మూడు చెరిపేసి, ఎఫ్‌టీకే ఇమేజర్‌తో నకలు తీసి, ఆటాప్సీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడాలి. చెరిపినవి తిరిగొస్తాయి, ఎందుకంటే చెరిపినప్పుడు పేరులోని మొదటి అక్షరం చోట ఒక గుర్తు పడుతుంది, దాని స్థలం ఖాళీ అని నమోదవుతుంది తప్ప ఫొటో అక్కడే ఉంటుంది. తర్వాత పెన్‌డ్రైవ్‌ను మామూలుగా విండోస్‌కు పెట్టి తీసి మళ్లీ నకలు తీస్తే హాష్ విలువ (డేటా మొత్తానికి వేలిముద్ర లాంటి సంఖ్య) మారిపోయి కనిపించవచ్చు. మీరేం చేయకపోయినా విండోసే ఏదో రాసుకుంటుంది. డ్రైవ్ మీద ఏమీ రాయనివ్వని రైట్ బ్లాకర్ అనే పరికరం ఎందుకో అప్పుడు తెలుస్తుంది. భారతీయ సాక్ష్య అధినియం 63 సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో ఆ హాష్ విలువే రాయాలి. బీకాం అమ్మాయికి సత్యం కంప్యూటర్స్ కేసు చాలు: 2009లో బయటపడింది, నెత్తురు లేదు, దొంగ ఇన్‌వాయిస్‌లు, లేని బ్యాంకు నిల్వలు. సీఏ చేశాక సీఏల సంస్థ ఐసీఏఐ ఇచ్చే ఫోరెన్సిక్ అకౌంటింగ్ సర్టిఫికెట్ కోర్సు చేయవచ్చు.

ఛానల్ సంగతి. కొన్నాళ్లు ఆగమనే చెబుతాను. 2013 బోస్టన్ బాంబు పేలుళ్లప్పుడు ఇంటర్నెట్‌లో జనం ఫొటోలు పోల్చి, చదువుకుంటున్న ఓ యువకుణ్ని నిందితుడన్నారు. అతనికి ఆ కేసుతో సంబంధమే లేదు, అప్పటికే చనిపోయి ఉన్నాడని తర్వాత తేలింది. ఆ కుటుంబం పడ్డ బాధకు ఎవరు బాధ్యులు? మన చట్టంలో అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72 సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు ఉంటుంది. పేరు చెప్పకపోయినా ఊరు, కాలేజీ, ఇంటి ఫొటో కలిపి గుర్తుపట్టేలా చేసినా ఇబ్బందే. పిల్లల విషయంలో పోక్సో 23 సెక్షన్ ఉంది. విచారణలో ఉన్న కేసులో ఫలానావాడే చేశాడంటే పరువు నష్టం కూడా. తప్పనిసరిగా పెట్టాలనిపిస్తే, తుది తీర్పు వచ్చిన ఆర్థిక నేరాలతో మొదలుపెట్టండి.

అమ్మగారికి: నీట్ రాయించండి, అందులో నష్టం లేదు. పోస్టుమార్టం చేసేది ఫోరెన్సిక్ సైన్స్ చదివినవారు కాదు, వైద్యులు. అమ్మాయికి ఆ పనే ఇష్టమైతే ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల ఎంబీబీఎస్ చేయాలి, అందులో నిపుణురాలు కావాలంటే ఆపై మూడేళ్ల ఎండీ ఫోరెన్సిక్ మెడిసిన్ ఉంది. సీటు రాకపోతే అదే చదువు బీఎస్సీకి ఎలాగూ పనికొస్తుంది. నాన్నగారు ఒక పని చేయగలరు. కాలేజీకి సెలవుండి కోర్టు నడిచే రోజున ఒక పూట అమ్మాయిని జిల్లా సెషన్స్ కోర్టుకు తీసుకెళ్లండి. బహిరంగ విచారణ జరిగే కేసుల్లో వెనక బల్ల మీద ఎవరైనా నిశ్శబ్దంగా కూర్చోవచ్చు. ఓ నిపుణుడిని డిఫెన్స్ లాయరు గంటసేపు అడ్డప్రశ్నలతో నిలబెట్టడం చూశాక, ఇంటికొచ్చేటప్పుడు బస్సులో అమ్మాయి ఏం మాట్లాడుతుందో వినండి.