కెన్నెల్ క్లబ్ నుంచి తీసేస్తే కుక్కలు అమ్మకూడదా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. కొన్నేళ్లుగా లాబ్రడార్లు పెంచి పిల్లల్ని అమ్ముతున్నాను. విశాఖలోని ఒక కెన్నెల్ క్లబ్‌లో సభ్యుణ్ణి. అదే క్లబ్‌కు చెందిన ఇంకో బ్రీడర్ జనవరి మొదటి వారంలో తన ఆడకుక్కను క్రాసింగ్‌కి మా ఇంటికి తెచ్చాడు. కుదరలేదు. మగకుక్కకు ఇచ్చే స్టడ్ ఫీజు కూడా తీసుకోలేదు. తీరా చూస్తే ఏప్రిల్ 20న పుట్టిన పిల్లలకు మా కుక్కే తండ్రి అని లిట్టర్ ఫారం (ఒక ఈత పిల్లల నమోదు పత్రం) నింపి కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియాకు పంపాడు. ఫిబ్రవరి 16న మా ఇంట్లో క్రాసింగ్ అయినట్టు రాసి, కింద నా సంతకం తనే పెట్టేశాడు. ఆ వారమంతా మా కుక్క బరంపురంలో డాక్టర్ దగ్గర సెలైన్ మీద ఉంది. ఒళ్లు మండి, ఆ ఫారం ఫొటో తీసి ‘దొంగ పేపర్ల వ్యాపారి’ అని క్లబ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. వారం తిరక్కుండానే ‘క్లబ్ పరువు తీశారు, సభ్యత్వం రద్దు చేశాం’ అని రెండు లైన్ల ఉత్తరం వచ్చింది. నన్ను పిలిచింది లేదు, అడిగింది లేదు. ఇక నేను కుక్కలు అమ్మకూడదా? ఉన్నవాటి వంశావళి పేపర్లు చెల్లవా? కోర్టుకు వెళ్తే గెలుస్తానా? పిల్లలకు 40 రోజులు నిండితే గానీ ఎవరికీ ఇవ్వని మనిషిని నేను. మా ఆడకుక్క పోయిన ఏడాది రెండు ఈతలు ఈనితే ఒక్క పిల్ల కూడా పోలేదు, అంత బాగా చూసుకుంటాను. ఇంకోమాట, రాట్‌వీలర్ తెద్దామనుకుంటే అది నిషేధమని ఎవరో అన్నారు. నిజమేనా?
(పేరు రాయవద్దన్నారు)

జవాబు: మీరు గొప్పగా చెప్పుకున్న ఆ 40 రోజులు, ఆ రెండు ఈతలే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టాయి. క్లబ్ సంగతి కాసేపు పక్కన పెట్టి ముందు అవి చూద్దాం.

జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960 నాటిది. దాని కింద కేంద్ర ప్రభుత్వం 2017 మేలో కుక్కల బ్రీడింగ్, అమ్మకాలకు విడిగా నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అంటే 56 రోజులు. మీరు రెండు వారాలు ముందే ఇచ్చేస్తున్నారు. ఆడకుక్కకు 18 నెలలు నిండాలి, ఆరోగ్యంగా ఉందని పశువైద్యుడు చెప్పాలి, అప్పుడే క్రాసింగ్ చేయించాలి. ఏడాదికి ఒక్క ఈతే, జీవితం మొత్తం మీద ఐదుకు మించకూడదు. లాబ్రడార్ దాదాపు ఆరు నెలలకోసారి ఎదకొస్తుంది. ఏడాదిలో రెండు ఈతలంటే వచ్చిన ప్రతి ఎదకూ క్రాసింగ్ చేయించారన్నమాట. పిల్లలన్నీ బతికాయన్నది దీనికి జవాబు కాదు. నియమం పెట్టింది తల్లి ఒంటి కోసం.

40 రోజుల పిల్లకు చాలాసార్లు మొదటి టీకా కూడా పడి ఉండదు. బుట్టలో పెట్టుకుని బస్సులో శ్రీకాకుళం తీసుకెళ్తారు, నాలుగో రోజు రక్త విరేచనాలు, పార్వో అంటారు, పిల్ల పోతుంది. కొన్నవాళ్లు మీ మీద కేసు వేయడానికి పర్లాకిమిడి రానక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం తాము ఉంటున్న ఊరి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. చట్టం దృష్టిలో కుక్కపిల్ల కూడా చరాస్తే, అమ్మకపు సరుకే. ఐదు లక్షల లోపు కొనుగోలైతే ఫిర్యాదుకు ఫీజు కూడా లేదు, రెండేళ్ల గడువుంది. వయసు తక్కువ పిల్లను అమ్మారని వాళ్లు ఒక్క ముక్క రాస్తే మీ వైపు వాదించే లాయరుకు చెప్పడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఇక మీ మొదటి ప్రశ్న. కుక్కలు పెంచి అమ్మడానికి క్లబ్ సభ్యత్వం అవసరమని ఏ చట్టమూ చెప్పలేదు. కావలసింది రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర బ్రీడర్‌గా రిజిస్ట్రేషన్. అదే 2017 నియమాల్లో ఉంది. ఫీజు 5000 రూపాయలు, రెండేళ్లకోసారి రెన్యువల్. మీ ఉత్తరంలో ఆ మాటే ఎక్కడా లేదు కాబట్టి చేయించలేదనే అనుకుంటున్నాను. మీలాంటివాళ్లు చాలామందే కనిపిస్తారు. క్లబ్ ఐడీ కార్డు ఉంది కదా, ఇంకేం కావాలి అనుకుంటారు. మీ బేరాలన్నీ పాతపట్నం, టెక్కలి వైపే కావచ్చు, క్లబ్ విశాఖలో ఉండొచ్చు. మీ కెన్నెల్, అంటే కుక్కలు పెంచే చోటు, ఉన్నది ఒడిశాలోని గజపతి జిల్లాలో కాబట్టి రిజిస్ట్రేషన్ ఒడిశా బోర్డు దగ్గరే చేయించుకోవాలి. జిల్లా పశువైద్యాధికారి ఆఫీసులో అడిగితే దారి చెబుతారు. దరఖాస్తు ఒడియాలో గానీ ఇంగ్లీషులో గానీ రాయించండి.

క్రూరత్వ చట్టంలో మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలే. ఎప్పుడో దశాబ్దాల కింద పెట్టిన అంకె, ఇప్పటికీ అదే. అది చూసి కొందరు నవ్వుకుంటారు. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపే కెన్నెల్‌కు అసలు భయం జరిమానా కాదు, మూతపడే పరిస్థితి. మీ ప్రత్యర్థి మీ మీద రాయబోయే మొదటి ఫిర్యాదు దీని గురించే అయ్యుంటుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. దరఖాస్తు పెట్టి, రశీదు చేతిలో పెట్టుకుని, ఆ తర్వాతే మిగతా పోరు మొదలుపెట్టండి.

ఉన్న కుక్కల పేపర్ల సంగతి. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా చెన్నైలో ఉన్న వేరే సంస్థ. వంశావళి రికార్డు దాని దగ్గర ఉంటుంది. ఊరి క్లబ్ మిమ్మల్ని సభ్యుల జాబితాలోంచి తీసేసినంత మాత్రాన మీ కుక్క తాతముత్తాతలు మారిపోరు, రిజిస్ట్రేషన్ దానంతటది రద్దు కాదు. మీ కుక్కల రికార్డులు, కెన్నెల్ పేరు మీ పేరు మీదే ఉన్నాయా అని చెన్నైకి ఒక ఉత్తరం రాసి, జవాబు దాచుకోండి. ఒక జాగ్రత్త. విజిటింగ్ కార్డు మీదా, అమ్మకం పోస్టుల్లోనూ ‘ఫలానా క్లబ్ సభ్యుడు’ అన్న మాట ఈ రోజే తీసేయండి. లేని సభ్యత్వం చూపించి అమ్మితే అది కొనేవాణ్ణి తప్పుదోవ పట్టించడమే.

ఇప్పుడు సభ్యత్వం రద్దు. దీని మీద 1962లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటుంది. బెళగావిలోని లాడ్జ్ విక్టోరియా అనే సంఘం తన సభ్యుడు టి.పి. దావర్‌ను తీసేసింది. కోర్టు చెప్పింది క్లుప్తంగా ఇదీ: క్లబ్బుకూ సభ్యుడికీ మధ్య ఉన్నది ఒప్పందం, ఆ ఒప్పందమే దాని నియమావళి. తీసేసే అధికారం అందులోంచే రావాలి, అందులో రాసిన పద్ధతిలోనే వాడాలి. నిజాయితీగా, సహజ న్యాయం పాటించి (అంటే అవతలివాడి మాట కూడా విని) చేశారా అన్నది కోర్టు చూస్తుంది. పద్ధతి పాటించినప్పుడు, నిర్ణయం మంచిదా చెడ్డదా అని అప్పీలు కోర్టులా కూర్చుని తేల్చదు. ఆ కేసులో ఓడింది సభ్యుడే. అది కూడా తెలిసి ఉండాలి.

మీ విషయంలో నోటీసు లేదు, వివరణ అడగలేదు, రెండు లైన్లలో తేల్చేశారు. మీరు చెప్పిందంతా నిజమైతే ఆ ఉత్తరం కోర్టులో నిలబడటం కష్టం. ముందుగా నియమావళి కాపీ, ఆ మీటింగ్ మినిట్స్, మీ మీద వచ్చిన ఫిర్యాదు కాపీ ఇవ్వమని స్పీడ్ పోస్టులో అడగండి. ఇవ్వకపోతే నియమావళి మటుకు సొసైటీల రిజిస్ట్రార్ ఆఫీసులో ఫీజు కట్టి తెచ్చుకోవచ్చు. అందులో జనరల్ బాడీకి అప్పీలు ఉంటే గడువు చూసుకుని ముందు అది పెట్టండి. ఎక్కువ క్లబ్బుల్లాగే మీదీ సొసైటీగా రిజిస్టరైతే, ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 సెక్షన్ 23 కింద విశాఖ జిల్లా కోర్టులో దరఖాస్తు వేసుకునే వీలుంది. రద్దు చెల్లదని ప్రకటించమని సివిల్ దావా కూడా వేయొచ్చు, దానికి మూడేళ్ల గడువు. ఏది మేలో నియమావళి చదివిన లాయరు చెప్పాలి. పర్లాకిమిడిలో వేస్తానంటే, ఉత్తరం నాకు అక్కడే అందింది కదా అని వాదించవచ్చు గానీ, ఆ వాదనకే ఏడాది పోతుంది. విశాఖలోనే వేయండి. తెలుగు కాగితాలకు అనువాదాలు చేయించే బెడదా తప్పుతుంది. హైకోర్టులో రిట్ ఆలోచన వదిలేయండి, ప్రైవేటు క్లబ్ మీద మామూలుగా అది నడవదు.

సరే, గెలిచారనుకుందాం. కోర్టు ఏమంటుంది? నోటీసిచ్చి, వివరణ విని, మళ్లీ నిర్ణయించండి అంటుంది. అదే కమిటీ మళ్లీ కూర్చుంటుంది, ఈసారి పద్ధతిగా నోటీసిచ్చి పద్ధతిగా తీసేస్తుంది. అందుకే క్లబ్ మీద దావా కంటే ఫోర్జరీ విషయం ముందు తేల్చుకోమంటాను. సంతకం మీది కాదని తేలిన రోజు కమిటీ చేతిలో మిమ్మల్ని తప్పుపట్టడానికి పెద్దగా ఏమీ మిగలదు.

మీ దగ్గరున్నది ఫొటో. అసలు ఫారం చెన్నైలో ఉంటుంది. ఆ సంతకం నాది కాదు, ఒరిజినల్ భద్రపరచండి, ఆ లిట్టర్‌కు పేపర్లు ఆపండి, డీఎన్ఏ పరీక్షకు నా కుక్కను ఇస్తాను అని నాలుగు వాక్యాలు రాయండి. తిట్లు వద్దు. కుక్క చెంప లోపల పుల్లతో రుద్ది తీసిన నమూనా చాలు, తల్లి, తండ్రి, పిల్లలవి పోలిస్తే తండ్రి ఎవరో తేలిపోతుంది. నమూనా తీసేటప్పుడు డాక్టర్ కుక్క మెడ దగ్గర స్కానర్ పెట్టి చూసి, చర్మం కింద ఉన్న మైక్రోచిప్ 15 అంకెల నంబరు రిపోర్టులో రాయాలి. అది లేకపోతే, ఇది ఏ కుక్క నమూనానో ఎవరికి తెలుసు అంటాడు అవతలి లాయరు.

బరంపురం బిల్లు కూడా ఒకసారి తీసి చూసుకోండి. చాలా బిల్లుల్లో యజమాని పేరు, ‘కుక్క’ అన్న మాట, మందుల ధర తప్ప ఏమీ ఉండవు. ఏ తేదీన చేర్చుకున్నారు, ఏ తేదీన పంపారు, చిప్ నంబరు ఎంత అన్నవి కేస్ షీట్ చూసి సర్టిఫికెట్‌గా రాసిమ్మని డాక్టర్ని అడగండి. అవతలివాడు రేపు మాట మార్చి, ఫారంలో తేదీ పొరపాటు, జనవరి క్రాసింగే కుదిరింది అనవచ్చు. కుక్కకు చూలు సుమారు 63 రోజులు, కొద్ది రోజులు అటూ ఇటూ. జనవరి మొదటి వారం లెక్కన మార్చి రెండో వారానికి ఈనాలి. ఏప్రిల్ 20 ఏ లెక్కకూ అందదు. అతను రాసిన తేదీలే అతని మీద సాక్ష్యం.

చెన్నై నుంచి కదలిక లేకపోతే పోలీసు ఫిర్యాదు. ఫోర్జరీ, దొంగ పత్రాన్ని అసలుదిగా వాడటం, మోసం ఇవి భారతీయ న్యాయ సంహిత 336, 340, 318 సెక్షన్ల కిందికి వస్తాయి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చని కొత్త నాగరిక్ సురక్షా సంహిత 173 చెబుతోంది కాబట్టి పర్లాకిమిడి స్టేషన్‌లో ఇచ్చినా తీసుకోవాలి. ఈలోగా ఆ పిల్లల్ని కొన్నవాళ్లెవరైనా మీకు ఫోన్ చేస్తే, తండ్రి మా కుక్క కాదని మెసేజ్‌లో రాసి పంపండి. ఊరుకుంటే మీరూ ఒప్పుకున్నట్టే అంటారు.

వాట్సాప్ విషయంలో మాత్రం మీ మీద కేసు పడే వీలుంది. ఇదే ఆరోపణను సద్బుద్ధితో కమిటీకి ఫిర్యాదుగా రాసి ఉంటే పరువునష్టం చట్టంలోని మినహాయింపు మిమ్మల్ని కాపాడేది. విచారించే అధికారం ఉన్నవాళ్లకు చేసిన ఫిర్యాదుకు ఆ రక్షణ ఉంది. గ్రూపులో అందరి ముందూ ‘దొంగ’ అనడానికి అది సులువుగా వర్తించదు. న్యాయ సంహిత 356 కింద రెండేళ్ల వరకూ శిక్ష పడవచ్చు. నిజమని, ప్రజల మేలు కోసమని నిరూపించుకుంటే బయటపడతారు, ఆ నిరూపణ భారం మీదే. కాబట్టి ఇక ఒక్క మెసేజ్ కూడా పెట్టకండి. పెట్టినవాటిని చెరిపేయకుండా ఆ ఫోన్ అలాగే ఉంచండి, అమ్మేయకండి. రేపు కోర్టులో స్క్రీన్‌షాట్ ఇవ్వాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాలి, దానికి ఆ ఫోన్ కావాలి.

రాట్‌వీలర్ మీద: దానితో సహా 23 జాతులకు లైసెన్సులు ఇవ్వొద్దని కేంద్ర పశుసంవర్ధక శాఖ 2024 మార్చి 12న రాష్ట్రాలకు రాసిన సర్క్యులర్‌ను ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. మీ మున్సిపాలిటీ సొంతంగా ఏమైనా నియమం పెట్టిందేమో కనుక్కోండి. అయినా బోర్డు రిజిస్ట్రేషన్ చేతికి రాకముందే ఇంకో జాతి తేవద్దు.