రిమోట్ విమానంలో బ్యాటరీ నిండుగా ఉన్నా, రిమోట్ స్టిక్కులు కదిపితే రిసీవర్ ఎందుకు ఆగిపోతోంది?

మీ విమానానికి మీరు చెప్పిన 2212 1000 కేవీ (వోల్టుకి నిమిషానికి ఎన్ని చుట్లో చెప్పే అంకె) మోటారు, 30 ఆంప్స్ ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే బోర్డు), 3ఎస్ లైపో (మూడు సెల్స్ బ్యాటరీ), పది అంగుళాల ప్రొపెల్లర్ ఒకదానికొకటి సరిపోతాయి. రెక్కల్నీ తోకనీ కదిపే చిన్న మోటార్లు, అంటే నాలుగు సర్వోలూ ఒకేసారి కదిపినప్పుడే, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ లైటు ఆరి వెలుగుతోందంటే, నా అనుమానం బీఈసీ మీదే.

ఈఎస్‌సీ మీద రాసిన 30 ఆంప్స్ మోటారు కోసం. రిసీవర్‌కీ సర్వోలకీ 5 వోల్టులు ఇచ్చేది అందులోనే ఉండే బీఈసీ. చవక రకాల్లో దాని మీద తరచుగా 2 ఆంప్స్ అనే ఉంటుంది. పైగా లీనియర్ రకం, మిగులు వోల్టేజీని వేడిగా పారేస్తుంది. నిండా ఛార్జయిన 3ఎస్ అంటే 12.6 వోల్టులు. అందులో 7.6 వేడికే పోవాలి, అంటే సర్వోలు 1 ఆంప్ లాగినా 7.6 వాట్లు. గోరంత చిప్పు, చుట్టూ ష్రింక్ ట్యూబు, దానిపైన ఫోమ్ బాడీ, అందులోనూ మన మే నెల ఎండ. ఎంతసేపని తట్టుకుంటుంది? 2ఎస్ పెడితే బాగానే నడిచిందన్నారు కదా, కారణం ఇదే.

మా అన్నయ్య కొడుకు విమానానికీ ఇదే జబ్బు. కోఠి గుజరాతీ గల్లీలో ఒకాయన "30 ఆంప్స్ సార్, ఎన్ని సర్వోలైనా లాగుతది" అని అంటగట్టాడు. మెటల్ గేర్ సర్వోలు పెట్టాక మొదలైంది తంటా. ప్రొపెల్లర్ తీసేసి, రిసీవర్‌లో ఖాళీ ఛానెల్ దగ్గర మల్టీమీటర్ పెట్టి స్టిక్కులన్నీ గిరగిరా తిప్పాను. 5 దగ్గరున్న రీడింగ్ 4 కిందికి జారింది. మీరూ ముందు ఈ పరీక్ష చేయండి. ప్రొపెల్లర్ తీయడం మాత్రం మర్చిపోవద్దు, వేళ్లు జాగ్రత్త.

నిజంగా పడిపోతుంటే 5 వోల్టులు, 3 ఆంప్స్ స్విచింగ్ యూబీఈసీ (విడిగా దొరికే బీఈసీ, మిగులు వోల్టేజీని లీనియర్ రకంలా వేడిగా పారేయదు) కొనండి. దాని ఇన్‌పుట్ బ్యాటరీకి, అవుట్‌పుట్ రిసీవర్ ఖాళీ ఛానెల్‌కి. ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కి వచ్చే మూడు వైర్లలో ఎర్రదాన్ని మాత్రం, ప్లగ్గు మీది ప్లాస్టిక్ నాలుకను గుండుసూదితో ఎత్తి బయటికి లాగి, టేపు చుట్టేయండి. కత్తిరించకండి, రేపు మళ్లీ అవసరం పడొచ్చు. మిగతా రెండూ కదపొద్దు. ఎర్రది అలాగే వదిలేస్తే రెండు బీఈసీలూ ఒకే లైన్లో పోట్లాడుకుంటాయి. కెపాసిటర్ పెడితే చాలని కొందరంటారు, వేడి సమస్యకి అది మందు కాదు.

ఇక వేరే కంపెనీ పాత రిసీవర్ మీ ఫ్లైస్కై కంపెనీ రిమోట్‌కి బైండ్ అవుతుందా, అంటే జత కుదురుతుందా అన్నారు. రెండూ 2.4 గిగాహెర్ట్జ్ అయినా ప్రోటోకాల్, అంటే అవి మాట్లాడుకునే భాష, వేరైతే కాదు. అమ్మేయండి, యూబీఈసీ ఖర్చులో కొంత కలిసొస్తుంది.