డెడ్‌లాక్‌లపై ప్రాజెక్టు చేస్తే ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతోంది. నెట్‌వర్కుల్లో రూటింగ్ డెడ్‌లాక్‌ల నివారణపై ప్రాజెక్టు చేస్తానంటోంది. పోయిన ప్యాకెట్‌ను (డేటా ముక్కను) మళ్ళీ పంపే ఏర్పాటు ఎప్పటినుంచో ఉండగా ఇందులో కొత్తగా చేసేదేముందని, ఫుల్ స్టాక్ కోర్సులో చేర్చమని తెలిసినవారు అంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, బ్రాడీపేట

జవాబు: మీకు తెలిసినవారు చెప్పింది ఇంటర్నెట్ వరకు నిజమేనండి. అక్కడ బఫర్ (ప్యాకెట్లను కాసేపు ఉంచే చోటు) నిండిన రౌటర్ కొత్త ప్యాకెట్‌ను వదిలేస్తుంది, పంపిన కంప్యూటర్‌లోని టీసీపీ అనే ఏర్పాటు దాన్ని మళ్ళీ పంపుతుంది. అయితే ప్యాకెట్‌ను అలా వదిలేయకుండా నడిపే నెట్‌వర్కులూ ఉన్నాయి. ఒకే చిప్‌లోని కోర్లను కలిపేవి, సూపర్ కంప్యూటర్లలోని ఇన్ఫినీబ్యాండ్ అనే వేగవంతమైన నెట్‌వర్కు, డేటా సెంటర్లలో ఆర్‌డీఎంఏ (ఒక కంప్యూటర్ మెమరీ నుంచి మరొకదాని మెమరీకి నేరుగా డేటా పంపే పద్ధతి) కోసం ప్యాకెట్లు పోకుండా ఏర్పాటు చేసిన ఈథర్‌నెట్ ఈ కోవకు చెందుతాయి. వీటిలో అవతలి బఫర్‌లో చోటుంటేనే ఇవతలి రౌటర్ పంపుతుంది, లేకపోతే ఆగుతుంది. ఈ ఎదురుచూపులు గుండ్రంగా ఒకదానికొకటి ముడిపడితే ఏ ప్యాకెట్టూ కదలదు. దీన్నే డెడ్‌లాక్ అంటారు.

మీ అమ్మాయి ఎంచుకున్న విషయం ఎలాంటిదో చిన్న ఉదాహరణతో చెబుతాను. 0, 1, 2, 3 అనే నాలుగు రౌటర్లు ఒకే దిశలో వలయంగా ఉన్నాయనుకోండి. ప్రతి రౌటర్ రెండు అడుగుల అవతలికి ఒకేసారి సందేశం పంపితే, ప్రతి సందేశమూ ఒక ఛానెల్‌ను (తర్వాతి రౌటర్‌కు వెళ్ళే దారిని) పట్టుకుని, తన ముందున్న సందేశం పట్టుకున్న ఛానెల్ కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. 1987లో పరిశోధకులు విలియం డాలీ, చార్లెస్ సైట్జ్ చూపిన పరిష్కారంలో ఒక్కో తీగను, దేని బఫర్ దానికే ఉండే రెండు వర్చువల్ ఛానెళ్ళుగా విడదీస్తారు. చేరవలసిన రౌటర్ సంఖ్య ప్రస్తుతమున్న రౌటర్ సంఖ్య కన్నా పెద్దదైతే సందేశం ఒక ఛానెల్‌లో, చిన్నదైతే రెండో దానిలో వెళుతుంది. ఈ ఒక్క నియమంతో ఎదురుచూపుల గొలుసు తెగిపోతుంది. ఆ డాలీయే తర్వాత చిప్‌ల సంస్థ ఎన్విడియాకు ముఖ్య శాస్త్రవేత్త అయ్యారు కాబట్టి, ఇది పాత పుస్తకాల్లో మిగిలిపోయిన విషయమని అనుకోనక్కరలేదు.

ప్రాజెక్టు ఎలా చేస్తుందన్నదే ఇక్కడ ముఖ్యం. డబ్బులిస్తే రిపోర్టుతో సహా చేతికందే రెడీమేడ్ ప్రాజెక్టు మాత్రం కొననివ్వకండి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే అది బయటపడుతుంది. ఛానెళ్ళను బిందువులుగా, వాటి మధ్య ఎదురుచూపులను బాణాలుగా గీసి, ఆ గ్రాఫ్‌లో చక్రం ఉందో లేదో వెతికే ప్రోగ్రామును ముందుగా పైథాన్‌లో తానే రాయాలి. ఆ తర్వాత గళ్ళ నెట్‌వర్కులో అడ్డంగా వెళ్ళడం పూర్తయ్యాకే నిలువుగా వెళ్ళాలన్న ఎక్స్‌వై రూటింగ్‌ను, దానికన్నా తక్కువ మలుపులను నిషేధించే 1992 నాటి టర్న్ మోడల్‌ను బుక్‌సిమ్ అనే ఉచిత సిమ్యులేటర్‌లో నడిపి, రద్దీ పెరిగేకొద్దీ ఆలస్యం ఎలా మారుతుందో పోల్చి చూడాలి. ఇదంతా సీ++ రాకుండా సాగదు, అందువల్ల ఆ సాధన కూడా దానంతటదే జరుగుతుంది.

ఉద్యోగాల విషయానికొస్తే, రూటింగ్ డెడ్‌లాక్ అన్న పేరుతో ఫ్రెషర్ల పోస్టులు ఉంటాయని ఆశించకండి. చిప్ డిజైన్, వెరిఫికేషన్, నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ పనులకు ఇది పునాది అవుతుంది. ఆ పనుల కోసం విజయవాడ, గుంటూరు దాటి హైదరాబాద్ లేదా బెంగళూరు వెళ్ళవలసి రావచ్చు, చిప్‌ల వైపు మొగ్గితే వెరిలాగ్ అనే చిప్ డిజైన్ భాష కూడా నేర్చుకోవాలి. క్యాంపస్ ఎంపికలకు కోడింగ్, ఆప్టిట్యూడ్ సాధన ఎలాగూ తప్పదు, దాన్ని ఈ ప్రాజెక్టు పేరుతో వాయిదా వేస్తే నేను కూడా ఒప్పుకోను. ఫుల్ స్టాక్ కోర్సు వద్దనను గాని, ఇప్పుడే ఫీజు కట్టి ఆమె సాయంత్రాలన్నీ దానికే ఇవ్వడం తొందరపాటు అవుతుంది.

ఎంటెక్ ఆలోచన ఉంటే మూడో సంవత్సరంలోనే గేట్ రాయవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో డెడ్‌లాక్‌లు, నెట్‌వర్క్స్‌లో రూటింగ్, డిస్క్రీట్ మ్యాథమెటిక్స్‌లో గ్రాఫులు ఆ సిలబస్‌లో ఉన్నవే. స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది కాబట్టి డిగ్రీ చేతికొచ్చాక కూడా అది ఉపయోగపడుతుంది. ముందుగా ఆ పైథాన్ ప్రోగ్రామును సెలవుల్లో రాయమనండి. అది పూర్తిచేసి, వలయంలో చక్రం ఎక్కడ ఏర్పడుతోందో మీకు కాగితం మీద గీసి చూపగలిగితే, గైడ్ దగ్గర ఈ అంశాన్నే నమోదు చేయించండి.