నీట్ సీటు రాలేదు, జెనెటిక్స్ చదువుతానంటోంది... ఏం చేయమంటారు?

గుంటూరు నుంచి ఒక తండ్రి రాశారు. మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్లో లెక్కలు రాస్తారట. అమ్మాయి బైపీసీ, నీట్ రెండుసార్లు రాసినా సీటొచ్చే ర్యాంకు రాలేదు. వాళ్ల నాయనమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు డాక్టర్లు గడ్డ ముక్కను పరీక్షకు పంపి, హెర్2 పాజిటివ్ అని తేల్చి, దానికి తగ్గ ఇంజెక్షన్లు ఇచ్చారు. అప్పట్నుంచి అమ్మాయి జెనెటిక్స్ తప్ప ఇంకోటి వద్దంటోంది. ఈలోగా ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు 'ప్రెసిషన్ మెడిసిన్' (జీన్లను బట్టి ఎవరికి తగ్గ మందు వాళ్లకిచ్చే వైద్యం) పేరుతో డిగ్రీ ఉంది, సీటు బుక్ చేసుకోండని రోజూ ఫోన్లు. ఆయన అడిగినవి మూడు: మళ్లీ లాంగ్ టర్మ్ పెట్టించాలా, ఆ డిగ్రీలో చేర్పించాలా, చివర్లో కాస్త మొహమాటంగా, "జీన్ వల్ల వచ్చిందన్నారు కదండీ, మా పిల్లకి కూడా వస్తుందా?"

సార్, నేను ఆ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను.

హెర్2 అందరి ఒంట్లోనూ ఉండే జీనే. కొందరి క్యాన్సర్ గడ్డలో దాని కాపీలు విపరీతంగా పెరిగిపోయి కణాలు ఆగకుండా విభజన చెందుతాయి, రొమ్ము క్యాన్సర్లలో 15 నుంచి 20 శాతం ఈ రకం. ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్ సరిగ్గా దాన్నే పట్టుకుంటుంది, 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ మార్పు గడ్డలో పుట్టిందేగానీ మీ అమ్మగారికి పుట్టుకతో వచ్చింది కాదు, కాబట్టి అది మీకూ మీ అమ్మాయికీ దిగదు. వంశంలో దిగేవి వేరే, బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 లాంటి జీన్లలో మార్పులు, రొమ్ము క్యాన్సర్లలో అలా వారసత్వంగా వచ్చేవి 5 నుంచి 10 శాతం. మీ వైపు ఇంకెవరికైనా వచ్చిందా, చిన్న వయసులో వచ్చిందా, అండాశయ క్యాన్సర్ ఏమైనా ఉందా, ఇవన్నీ చూసి పరీక్ష కావాలో వద్దో చెప్పాల్సింది మీ క్యాన్సర్ డాక్టరు (ఆంకాలజిస్టు). ఆయన్నే అడగండి, నేను డాక్టర్ని కాదు.

చూశారా, ఈ నాలుగు ముక్కలు ఆస్పత్రిలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు కాబట్టే మీరు ఇన్నాళ్లూ మనసులో పెట్టుకుని, చివరికి ఒక కెరీర్ కౌన్సెలర్‌ని అడిగారు. అది చెప్పడమే ఒక ఉద్యోగం. జెనెటిక్ కౌన్సెలర్ అంటారు. మేనరికాలు ఇంకా జరుగుతున్న మన ప్రాంతంలో వాళ్ల అవసరం ఎంతో చెప్పనక్కర్లేదు.

జీన్లు చూసి ముప్పు చెప్పడం, మందు ఎంచడం అమెరికా సంగతి అనుకోకండి. ఆపరేషన్‌కి ముందు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు, మామూలుగా కొద్ది నిమిషాల్లో దాని ప్రభావం పోతుంది. బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లలో మాత్రం గంటల తరబడి ఊపిరి అందక వెంటిలేటర్ మీద ఉంచాల్సి వస్తుంది. ఆ లోపం మన ఆంధ్రా వైశ్యుల్లో మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ. తరాలుగా సొంత కులంలోనే పెళ్లిళ్లు చేసుకుంటే ఒకప్పటి ఏ కొద్దిమందిలోనో ఉన్న జీన్ మార్పు అలా నిలబడిపోతుంది, ఇందులో ఎవరి తప్పూ లేదు, ముందే తెలిస్తే మత్తు డాక్టరు వేరే మందు వాడతారు, అంతే. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో శాస్త్రవేత్త తంగరాజ్ బృందం 2009లో గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ3 జీన్‌లో 25 డీఎన్ఏ అక్షరాల ముక్క లేకపోవడం దక్షిణాసియావాళ్లలో దాదాపు 4 శాతం మందిలో ఉందని, దానివల్ల గుండె వైఫల్యం ముప్పు పెరుగుతుందని చూపించింది. స్టెంట్ వేయించుకున్నవాళ్లు మింగే క్లోపిడోగ్రెల్ బిళ్ల లివర్‌లో సీవైపీ2సీ19 ఎంజైమ్ వల్లే మందుగా మారుతుంది, ఆ జీన్ రెండు కాపీలూ పని చేయనివాళ్లకు ఆ బిళ్ల సరిగా పట్టదు. 2010లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానిమీద గట్టి హెచ్చరిక పెట్టించింది.

మరి ఉద్యోగాలెక్కడ? మొదటి మానవ జీనోమ్ (మనిషి డీఎన్ఏ అక్షరాలు మొత్తం) చదవడానికి 13 ఏళ్లు, సుమారు 300 కోట్ల డాలర్లు పట్టింది, 2003లో అయింది. ఇప్పుడు వెయ్యి డాలర్ల లోపే. మన దేశంలో జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 10,000 మంది జీనోమ్‌ల డేటాను 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. అంటే అక్షరాలు కుప్పలుగా వచ్చి పడుతున్నాయి, వాటిలో ఏది జబ్బుకు కారణం, ఏది ఊరికే తేడా అని చెప్పగలిగేవాళ్లకే కొరత. కంప్యూటర్ మీద ఆ డేటా చదివేవాళ్లు, మందుల సంగతి తెలిసినవాళ్లు, ఇంటివాళ్లకు వివరించేవాళ్లు, ఈ మూడు రకాల మనుషులు కావాలి.

ఆ ప్రెసిషన్ మెడిసిన్ డిగ్రీ మాత్రం వద్దు సార్. పద్దెనిమిదేళ్లకు కావాల్సింది గట్టి బేసిక్స్, బ్రోచర్‌లో మెరిసే పేరు కాదు. ఆ పేరుతో రేపు ఎమ్మెస్సీ అప్లికేషన్ పెడితే ఇది ఏ సబ్జెక్టు కిందికొస్తుందని క్లర్కు దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది. గుంటూరులోనో విజయవాడలోనో పాత పేరున్న కాలేజీలో బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ, జువాలజీ ఏదో ఒకటి బీఎస్సీ చేయించండి, ఖర్చూ తక్కువే, సాయంత్రానికి ఇంటికొస్తుంది. తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో హ్యూమన్ జెనెటిక్స్, ఉస్మానియాలో జెనెటిక్స్ ఎమ్మెస్సీ ఉన్నాయి, జెనెటిక్ కౌన్సెలింగే కావాలంటే మణిపాల్‌లో ఎమ్మెస్సీ ఉంది. గ్యాట్-బీ, ఐఐటీ జామ్ అనే ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షలు రాస్తే ఇంకా మంచి చోట్లు దొరుకుతాయి. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ చేస్తూ నెలకు 37,000 ఇస్తారు. మందులంటే ఇష్టమైతే ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ), ఆరేళ్లు, నీట్ అక్కర్లేదు, ఈఏపీసెట్ చాలు. కానీ చేర్పించే ముందు ఆ కాలేజీ పిల్లల్ని నిజంగా ఏ ఆస్పత్రి వార్డులకు పంపుతున్నారో వెళ్లి కనుక్కోండి, తేడా అంతా అక్కడే ఉంది.

ఇంటర్ చదివే పిల్లలున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట, తిరుపతిలో సైన్స్ చదువులకున్న కేంద్ర సంస్థ ఐసర్ ప్రవేశ పరీక్ష బైపీసీ వాళ్లూ రాయొచ్చు, కానీ ఇంటర్ పాసైన ఏడాది, ఆ మరుసటి ఏడాదే అవకాశం. చాలామంది నీట్ టెన్షన్‌లో ఆ పరీక్ష సంగతే మర్చిపోతారు.

మూడోసారి నీట్ కోసం లాంగ్ టర్మ్ నేనైతే పెట్టించను. రెండోసారి మార్కులు సీటుకు అతి దగ్గర్లోకి వచ్చి, పిల్ల తనంతట తానే రాస్తానంటే అది వేరు. మీ ఉత్తరంలో ఆ రెండూ కనపడలేదు. ఎంబీబీఎస్ లేకపోతే డాక్టరుగా మందు రాయడం కుదరదు, ఎమ్మెస్సీ చేసినా అది మారదు, ఇది మాత్రం అమ్మాయికి ఇప్పుడే స్పష్టంగా చెప్పండి. ఉద్యోగం ఎమ్మెస్సీ తర్వాతే, అంటే కనీసం ఐదేళ్లు, మొదటి జీతం కూడా మీరు ఊహించుకున్నంత ఉండదు.

ఇక బైపీసీ పిల్లల అసలు సమస్య లెక్కలు. డేటా వైపు వెళ్లాలంటే స్టాటిస్టిక్స్, పైథాన్, 'ఆర్' అనే ప్రోగ్రామింగ్ భాషలు తప్పవు. కాలేజీ తెరిచేలోపు ఎంపీసీ వాళ్ల పుస్తకం ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చి ప్రాబబిలిటీ చాప్టర్ చేయమనండి, అర్థం కాకపోతే పక్కింటి ఎంపీసీ కుర్రాడినైనా అడగొచ్చు. పది రోజులు చేశాక కూడా జెనెటిక్సే అంటే అప్పుడు ఫీజు కట్టండి.