వేలంలో కొన్న సెమీ ట్రక్: అట్లాంటా నుంచి శాక్రమెంటో దాకా

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. గ్రీన్ కార్డు వచ్చాక ఉద్యోగం మానేసి, ఇక్కడ శాక్రమెంటోలో ఒక పంజాబీ స్నేహితుడితో కలిసి ట్రకింగ్ మొదలుపెడుతున్నాను. తనకి సీడీఎల్ (పెద్ద బండ్లు తోలే లైసెన్సు) ఉంది, నేను ఇంకా తీసుకోవాలి. అట్లాంటా దగ్గర ఆన్‌లైన్ వేలంలో 2018 మోడల్ స్లీపర్ ట్రక్ (డ్రైవర్ సీటు వెనక పడక ఉండే, ట్రైలర్‌ని లాగే బండి) మంచి ధరకే దక్కింది. దాన్ని ఇక్కడికి తెప్పించుకోవాలి. రవాణా రేట్ల కోసం నెట్‌లో ఒకచోట నా ఫోన్ నంబర్ ఇచ్చినప్పటి నుంచి కాల్స్ ఆగడం లేదు. ఒకడు చెప్పిన రేటుకీ ఇంకొకడు చెప్పిన దానికీ పొంతనే లేదు. ఎవర్ని నమ్మాలి?

జవాబు: తమ్ముడూ, ఎవర్ని నమ్మాలన్నది తర్వాత చూద్దాం. ముందు ఇది చెప్పు, ఆ బండి నడిచే స్థితిలో ఉందా? నీ ఖర్చంతా ఈ ఒక్క జవాబు మీదే ఆధారపడి ఉంటుంది. ఫోన్ చేసినవాళ్ళలో ఎంతమంది ఈ సంగతి అడిగారో గుర్తు తెచ్చుకో. అడక్కుండానే రేటు చెప్పినవాళ్ళని ఇప్పుడే పక్కన పెట్టెయ్.

కారు అయితే ట్రైలర్ మీద ఎక్కించి పంపడం మామూలు. సెమీ ట్రక్ దగ్గర లెక్క తిరగబడుతుంది. నడిచే బండిని నడిపించుకుని తెచ్చుకోవడమే అన్నిటికన్నా చవక, చాలాసార్లు అదే క్షేమం కూడా. ఇంకో ట్రక్ మీద ఎక్కించడం అనేది బండి కదలనప్పుడు, లేదా పెద్ద ప్రమాదంలో దెబ్బతిన్నప్పుడు చేయాల్సిన పని. కొత్తగా వచ్చిన మనవాళ్ళు మాత్రం కారు పంపిన అలవాటుతో ముందు ట్రైలర్ కోసమే వెతుకుతారు. బ్రోకర్లకి కావలసింది కూడా అదే.

ఎక్కిస్తే ఎందుకంత ఖర్చో చూడు. స్లీపర్ ట్రక్ ఒక్కటే, వెనక ట్రైలర్ లేకుండా, పదిహేడు నుంచి ఇరవై వేల పౌండ్లు తూగుతుంది. మోసే బండికి బరువు సమస్య కాదు, ఎందుకంటే ఇంటర్‌స్టేట్ మీద మొత్తం 80,000 పౌండ్ల దాకా అనుమతి ఉంది. చిక్కంతా ఎత్తుతోనే. హై రూఫ్ స్లీపర్ నేల మీదే ఇంచుమించు 13 అడుగులు ఉంటుంది. బాగా కిందికి ఉండే లోబాయ్ ట్రైలర్ తెచ్చినా దాని డెక్ ఇంకో అడుగున్నర, రెండడుగులు. మొత్తం పద్నాలుగున్నర దాటిపోతుంది. జార్జియాలో మామూలుగా అనుమతించే ఎత్తు 13 అడుగుల 6 అంగుళాలు, కాలిఫోర్నియాలో 14 అడుగులు. అంటే బయల్దేరిన గడప నుంచే అది ఓవర్‌సైజ్ లోడ్. దారిలో ప్రతి రాష్ట్రం దగ్గరా విడిగా పర్మిట్ కొనాలి, వంతెనల ఎత్తు చూసుకుని వాళ్ళు చెప్పిన రూట్‌లోనే వెళ్ళాలి. చాలా చోట్ల చీకటి పడితే ఆగిపోవాలి. ఫోన్‌లో తక్కువ రేటు చెప్పినవాడు ఇవేవీ లెక్కలో వేసి ఉండడు. బండి యార్డు దాటాక ‘సార్, హైట్ ఎక్కువుంది’ అని మళ్ళీ ఫోన్ చేస్తాడు. డే క్యాబ్ (పడక లేని బండి) అయితే పైన బిగించిన గాలి రేకు విప్పేస్తే ఎత్తు బాగా తగ్గుతుంది. నీ స్లీపర్‌కి ఆ రూఫే క్యాబ్, విప్పడానికి ఏమీ ఉండదు.

కాబట్టి ముందు ఆ ఊళ్ళో హెవీ డ్యూటీ మొబైల్ మెకానిక్‌ని ఒకణ్ణి యార్డుకి పంపించు. రెండు మూడు వందల డాలర్లు అడిగినా బేరం ఆడకు. స్టార్ట్ చేసి, బ్రేకులకి గాలి ఎక్కుతోందో లేదో, ఎక్కాక నిలుస్తోందో లేదో చూడమను. కంప్యూటర్ తగిలించి ఫాల్ట్ కోడ్‌లు తీయమను. ముందు టైర్ల గాడి లోతు 4/32 అంగుళం, మిగతా వాటికి 2/32 కన్నా తగ్గకూడదు. ఏడాదికోసారి చేయాల్సిన డాట్ (ఫెడరల్ రవాణా శాఖ) ఇన్‌స్పెక్షన్ గడువు దాటిందేమో చూసి, దాటితే అక్కడే చేయించు. ఇవన్నీ బాగుంటే బండి రోడ్డెక్కొచ్చు.

మెకానిక్ అక్కడ ఉండగానే ఇంకో పని చేయించు. నువ్వు తెస్తున్నది కాలిఫోర్నియాకి కాబట్టి అన్నిటికన్నా ఇదే ముఖ్యం. ఇంజిన్ మీద ఉన్న లేబుల్ ఫొటో తీయమను. 2023 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో ఈ తరహా పెద్ద డీజిల్ ట్రక్కులకి 2010 లేదా ఆ తర్వాతి మోడల్ ఇంజిన్ ఉండాలి. నీది 2018 కాబట్టి ఆ గండం లేదు. అయినా పాత బండిలో ఇంజిన్ మార్చి ఉండొచ్చు, అందుకే బండి సంవత్సరం కాదు, ఇంజిన్ సంవత్సరం చూడాలి. అంతకన్నా పెద్ద భయం ‘డిలీట్’. కొన్ని రాష్ట్రాల్లో మెయింటెనెన్స్ ఖర్చు భరించలేక పొగ శుద్ధి చేసే డీపీఎఫ్, డెఫ్ సిస్టమ్ పీకేసి కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ మార్చేస్తారు. అది ఎక్కడైనా చట్టవిరుద్ధమే. కాలిఫోర్నియాలో అయితే క్లీన్ ట్రక్ చెక్ పేరుతో కంప్యూటర్ తగిలించి పరీక్ష చేస్తారు, అందులో దొరికిపోతావు. అది పాస్ కాకుండా రిజిస్ట్రేషన్ అవదు. అలాంటి బండి అని తేలితే రవాణా గురించి కాదు, అక్కడికక్కడే మళ్ళీ అమ్ముకోవడం గురించి ఆలోచించు.

బండి బాగుందనుకుందాం. నడిపించి తెచ్చుకోవడానికి రెండు దారులున్నాయి.

మొదటిది మీ పంజాబీ స్నేహితుడు విమానంలో వెళ్ళి తోలుకురావడం. అట్లాంటా నుంచి శాక్రమెంటో 2,400 మైళ్ళకు పైనే. ట్రైలర్ లేని బండి గ్యాలన్‌కి 8 నుంచి 10 మైళ్ళు ఇస్తుందనుకుంటే, సుమారు 250 నుంచి 310 గ్యాలన్ల డీజిల్. డ్రైవింగ్ రోజుకి 11 గంటలు మించకూడదు కాబట్టి నాలుగైదు రోజులు. వినడానికి బాగానే ఉంటుంది, అసలు తలనొప్పి కాగితాలది. బండికి మూడు ఇరుసులున్నాయి. మూడు ఇరుసులుంటే, బరువు ఎంతైనా సరే, రాష్ట్రాలు దాటాలంటే వేరే రాష్ట్రాల్లోనూ చెల్లే ఐఆర్‌పీ నంబర్ ప్లేట్లు, ఇంధన పన్నుకి ఇఫ్టా లైసెన్సు ఉండాలి. కొత్తగా కొన్న బండికి ఇవి ఉండవు కాబట్టి రాష్ట్రానికి ఒకటి చొప్పున ట్రిప్ పర్మిట్, ఫ్యూయల్ పర్మిట్ కొనుక్కోవాలి. ఇవి సాధారణంగా మూడు రోజులకిస్తారు. పర్మిట్ సర్వీస్ వాళ్ళకి రూట్ చెబితే గంటల్లో ఈమెయిల్ చేస్తారు. ఐ-40 హైవే మీద వస్తే న్యూ మెక్సికోలో బరువు-దూరం పన్ను విడిగా ఉంది, దానికీ పర్మిట్ అడుగు. మీ ఎల్‌ఎల్‌సీ పేరు మీద డాట్ నంబర్ ఉండాలి. ఇన్సూరెన్స్ బండి యార్డు గేటు దాటకముందే మొదలవ్వాలి.

రెండో దారి డ్రైవ్‌అవే కంపెనీ. వాళ్ళ డ్రైవర్ వచ్చి నీ బండినే నడిపి తెస్తాడు. ప్లేట్లు, లయబిలిటీ ఇన్సూరెన్స్, పర్మిట్లు, లాగ్‌బుక్ అన్నీ వాళ్ళవే. నువ్వు మైలుకింత చొప్పున ఇస్తావు, డీజిల్ అందులో కలిసిందో లేదో ముందే తేల్చుకోవాలి. మీ స్నేహితుడు ఆ వారం ఇక్కడ లోడ్లు వదులుకునే కంటే ఇదే మేలని నా అభిప్రాయం. ఒక్క ప్రశ్న మాత్రం గట్టిగా అడుగు. మీ డ్రైవర్ చేతిలో ఉండగా నా బండికి దెబ్బ తగిలితే ఏ పాలసీ కింద కడతారు? ఇతరుల కారుని గుద్దితే కట్టేది లయబిలిటీ, నీ బండికి కట్టేది వేరు. కాగితం మీద చూపించమను.

ఎవరు తోలినా ఒక మాట చెవిన వెయ్యి. వెనక ట్రైలర్ లేని బండి తేలికగా ఉంది కదా అని తొందరగా ఆగదు. దాని బ్రేకులు, స్ప్రింగులు అన్నీ బరువు కోసం చేసినవి. ఖాళీగా ఉన్నప్పుడు వెనక చక్రాలు రోడ్డుని సరిగ్గా పట్టుకోవు, వానలో అయితే జారుతుంది. కాబట్టి ముందు బండికి దూరంగా ఉండాలి. కాలిఫోర్నియాలోకి వచ్చాక మూడు ఇరుసుల బండికి ట్రైలర్ ఉన్నా లేకపోయినా గంటకి 55 మైళ్ళే పరిమితి. చలికాలమైతే డానర్ పాస్ అనే కొండ దారి వైపు రాకుండా దక్షిణం నుంచే రమ్మను, అక్కడ మంచు గొలుసుల కంట్రోల్ పెడితే రోజంతా ఇరుక్కుపోతారు.

ఇక బండి కదలదు, ఇంజిన్ పోయింది అనుకుందాం. అప్పుడు లోబాయే గతి, లేదా హెవీ రెక్కర్‌తో (పెద్ద టోయింగ్ బండితో) లాగించడం. దగ్గరి దూరానికి రెక్కర్ ఓకే, 2,400 మైళ్ళకి వద్దు. లాగించినా, ఎక్కించినా కొన్ని జాగ్రత్తలున్నాయి. వెనక చక్రాలు రోడ్డు మీద దొర్లుతూ పోయేటట్టైతే డ్రైవ్ షాఫ్ట్ విప్పాల్సిందే. ఇంజిన్ ఆగి ఉండగా చక్రాలు తిరిగితే గేర్‌బాక్స్‌లో ఆయిల్ ఆడదు, లోపల కాలిపోతుంది. పైకి ఉన్న సైలెన్సర్ గొట్టాలకి మూత పెట్టి టేప్ చుట్టించు. లేకపోతే గాలి దూరి టర్బో వట్టిగా తిరుగుతుంది, ఆయిల్ లేకుండా అన్ని గంటలు తిరిగితే దాని పని అయిపోతుంది. బానెట్ లాచ్‌లు కట్టించు. గాలి లేని బండికి వెనక బ్రేకులు వాటంతట అవే పట్టేసి ఉంటాయి, వాటిని బోల్టులతో వెనక్కి లాగి విడిపించాలని వచ్చేవాడికి ముందే చెప్పు. చెప్పకపోతే సామాను లేకుండా వచ్చి, ఊరికే వచ్చానని డబ్బులు అడుగుతాడు.

ఇప్పుడు నువ్వు అడిగిన నమ్మకం సంగతి. నీకు ఫోన్ చేసినవాళ్ళు దాదాపు అందరూ బ్రోకర్లే. ఒక్కడి దగ్గరా ట్రక్ ఉండదు. నువ్వు ఒప్పుకున్న రేటుని లోడ్ బోర్డులో (క్యారియర్లు, అంటే ట్రక్కులున్న రవాణా కంపెనీలు, లోడ్లు వెతుక్కునే వెబ్‌సైట్‌లో) పెట్టి ఎవడైనా తీసుకుంటాడేమో అని కూర్చుంటారు. రేటు మరీ తక్కువైతే ఎవడూ తీసుకోడు. ఈలోపు వేలం యార్డులో స్టోరేజ్ మీటర్ తిరుగుతూ ఉంటుంది. డాలస్‌లో మా స్నేహితుడొకరికి సరిగ్గా ఇలాగే జరిగింది. అందరికన్నా తక్కువ చెప్పినవాడికి అడ్వాన్స్ ఇచ్చాడు, యార్డు గడువు దాటినా బండి కదల్లేదు. తర్వాత రేటు పెంచితేగానీ క్యారియర్ దొరకడన్నారు. స్టోరేజ్‌తో కలుపుకుంటే మొదట ఎక్కువనుకున్న కొటేషన్ కన్నా ఎక్కువైంది.

బ్రోకర్ అంటేనే మోసం అని కాదు, మంచివాళ్ళూ ఉన్నారు. కంపెనీ డాట్ నంబర్ అడిగి తీసుకుని, ట్రక్కుల భద్రత చూసే ఫెడరల్ సంస్థ ఎఫ్‌ఎంసీఎస్‌ఏ వారి సేఫర్ సైట్‌లో కొట్టి చూడు. క్యారియరా, బ్రోకరా, అనుమతి నడుస్తోందా, ఎన్ని బండ్లున్నాయి, ఇన్‌స్పెక్షన్లు, యాక్సిడెంట్లు ఎలా ఉన్నాయో అన్నీ ఉచితంగా కనిపిస్తాయి. రిజిస్టర్ అయిన బ్రోకర్‌కి 75,000 డాలర్ల బాండ్ ఉండాలి. అది డబ్బు ఎగ్గొట్టినప్పుడు పనికొచ్చేదే తప్ప నీ బండికి ఇన్సూరెన్స్ కాదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. క్యారియర్‌కి 7,50,000 డాలర్ల లయబిలిటీ తప్పనిసరి గానీ, ఇలాంటి సరుకుకి కార్గో ఇన్సూరెన్స్ ఉండి తీరాలని ఫెడరల్ నియమం లేదు. అందుకే ఇన్సూరెన్స్ సర్టిఫికెట్‌ని బ్రోకర్ పంపితే చాలదు, దాని మీదున్న ఏజెంట్‌కి నువ్వే ఫోన్ చెయ్. ఇంత విలువైన వాడిన ట్రక్ ఈ పాలసీలో కవర్ అవుతుందా అని అడుగు. అడ్వాన్స్ మొత్తం జెల్ (Zelle) యాప్‌లో పంపమన్నవాడితో మాట్లాడకు. బండి ఎక్కించడానికి వచ్చినప్పుడు తలుపు మీద ఉన్న డాట్ నంబరూ, నీకు చెప్పిన నంబరూ ఒకటేనా అని యార్డు వాళ్ళని ఫొటో పంపమను. వేరే పేరుంటే నీ లోడ్‌ని ఇంకొకడికి అమ్మేశారన్నమాట. గేటు దాటనివ్వకు.

వీసా గురించి కూడా రాస్తున్నా, ఇది నీకు కాదు, చదివే మిగతావాళ్ళకి. నీకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్ళు, శని ఆదివారాలు ట్రక్ తిప్పుకుందాం అని సరదా పడకండి. పిటిషన్ వేసిన కంపెనీకి తప్ప ఇంకెవరికీ, సొంత ఎల్‌ఎల్‌సీకైనా, పని చేయకూడదు. పెట్టుబడి పెట్టి వదిలేయడానికీ, రోజూ డిస్పాచ్ (లోడ్లు వెతికి డ్రైవర్‌ని పంపే పని) చూసుకోవడానికీ మధ్య గీత ఎక్కడుందో ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడిగాకే చెక్కు రాయండి. మన వాట్సాప్ గ్రూపుల్లో దొరికే సలహాకి గ్యారంటీ ఎవరూ ఇవ్వరు.

తమ్ముడూ, చివరగా బండి చేతికొచ్చేటప్పటి సంగతి. బయల్దేరే ముందు నాలుగు వైపులా, టైర్లు, అద్దాలు, మైలేజ్ మీటర్, డీజిల్ ముల్లు అన్నీ కనిపించేలా యార్డులోనే వీడియో తీయించు. శాక్రమెంటోలో దిగాక డ్రైవర్ కాగితం ముందు పెట్టి తొందర పెడతాడు. రాత్రైనా సరే టార్చ్ వేసి చుట్టూ తిరిగి చూడు. గీత కనిపిస్తే ఆ కాగితం, అంటే బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు రవాణా రసీదు) మీద అక్కడే రాసి, ఆ తర్వాతే సంతకం పెట్టు. ఏమీ రాయకుండా సంతకం పెట్టి మర్నాడు ఫోన్ చేస్తే ‘దిగాక తగిలిందేమో’ అంటారు. క్లెయిమ్ రాతపూర్వకంగా పంపాలి, దానికి సాధారణంగా తొమ్మిది నెలల గడువు ఉంటుంది, కానీ ఫొటోలు తాజాగా ఉన్న ఆ వారంలోనే పంపెయ్. బండిని లోడ్లకి పెట్టిన నెల తర్వాతి నెలాఖరులోపు ఐఆర్‌ఎస్‌కి 2290 ఫారంతో పెద్ద బండ్ల రోడ్డు పన్ను కట్టాలి, 55,000 పౌండ్లు, అంతకు మించి రిజిస్టర్ చేయించే బండ్లకి అది తప్పదు. స్టాంపు పడ్డ ఆ ఫారం కాపీ లేకపోతే ప్లేట్ల కౌంటర్ దగ్గర నుంచి వెనక్కి పంపించొచ్చు. అందుకే డీఎంవీకి బయల్దేరే ముందు రోజే ఆన్‌లైన్‌లో కట్టేసి ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకో.